పాత చమురు బావి పక్కన బోరు నీళ్లు: తెలిసినవాళ్లు చెప్పండి

తేటనీరు:
మా బోరుకి కాస్త దూరంలో ఎప్పుడో వదిలేసిన చమురు బావి ఉంది. తుప్పు పట్టిన గొట్టం ఒకటి పైకి కనిపిస్తుంది, అంతే. ఈమధ్య నీళ్లు గ్లాసులో పట్టగానే పాలలా తెల్లబడి, నిమిషంలో అడుగు నుంచి పైకి తేటపడుతున్నాయి. కొంచెం ఉప్పగా కూడా ఉన్నాయి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

పాతరిగ్గు:
అడుగు నుంచి తేటపడితే మట్టి కాదండీ, బుడగలు. మట్టయితే కింద పేరుకుంటుంది. అలాగని చమురుతో పాటు వచ్చే మండే గ్యాసు, మీథేనే అనుకోకండి, మోటారు గాలి లాగినా ఇలాగే వస్తుంది. నాకు నచ్చనిది ఆ ఉప్పే. రిగ్గు మీద పనిచేసినవాణ్ణి, చమురు పొరల్లో నీళ్లు చాలాచోట్ల సముద్రం కంటే ఉప్పగా ఉంటాయి. మంచినీటి పొర దాటేదాకా కేసింగ్ అనే ఉక్కు గొట్టం దించి దాని వెనక సిమెంట్ నింపుతారు, కేసింగ్‌కి చిల్లు పడినా సిమెంట్ బీటలు వారినా, లోపల ఒత్తిడి ఉంటే ఆ ఉప్పునీరూ గ్యాసూ మంచినీటిలోకి ఎక్కేస్తాయి.

మూడోకన్ను:
"మూసేశాం" అని కాగితంలో ఉన్నా నమ్మొద్దు. 1859లో డ్రేక్ అనే ఆయన అమెరికాలో పేరుపడ్డ తొలి చమురు బావి తవ్విన పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే పాత బావుల్లో చెట్ల మొద్దులు, రాళ్లు కూరి చేతులు దులుపుకున్నారు. ఇప్పుడు అలాంటి బావులు ఎక్కడున్నాయో పట్టడానికి డ్రోన్లకి మాగ్నెటోమీటర్లు (ఇనుముని పసిగట్టే పరికరాలు) కట్టి ఉక్కు కోసం వెతుకుతున్నారు, కేసింగ్ పీకేసిన బావి దానికీ దొరకదు. అమెరికా 2021 చట్టంలో, యజమాని లేని బావుల కోసమే 470 కోట్ల డాలర్లు పెట్టారు.

తేటనీరు:
కాచి తాగితే సరిపోదా?

సీసామూత:
సరిపోదు. కాచేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది, చమురులో ఉండే బెంజీన్ అనే విష రసాయనం ఉంటే అది ఆవిరై వంటగదిలోకే వస్తుంది. మేం చేసిన పొరపాటు మీరు చేయకండి. మామూలు ప్లాస్టిక్ సీసాలో సగం పట్టి, ఎండలో తీసుకెళ్లి ల్యాబ్‌లో ఇచ్చాం. రిపోర్టు శుభ్రంగా వచ్చింది, గ్యాస్ దారిలోనే పోయింది మరి! రెండోసారి వాళ్లిచ్చిన గాజు సీసాల్లో ఒక్క బుడగ లేకుండా అంచుదాకా నింపి ఐస్‌లో పెట్టి పంపితే అప్పుడు బయటపడింది మీథేన్. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చూపేది) చూసి ఊరుకోకండి, క్లోరైడ్, బ్రోమైడ్, బేరియం, బెంజీన్, మీథేన్ అన్నీ అడగండి. బెంజీన్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు.

పాతరిగ్గు:
మీథేన్ ఉందని తేలితే ఐసోటోప్ పరీక్ష కూడా చేయించండి, పైపొరల్లో కుళ్లి పుట్టిన గ్యాసో, లోతు నుంచి వచ్చిందో దాంట్లో చాలావరకు తెలుస్తుంది. బావి మీద ఫిర్యాదు చేయాలంటే అదే పట్టు. మీథేన్ తాగితే విషం కాదు, మూసిన గదిలో పోగైతేనే ప్రమాదం, దానికి వాసన కూడా ఉండదు. ల్యాబ్ మాట తేలేదాకా బోరు గది తలుపు తీసే ఉంచండి. ఆ గొట్టం దగ్గర ఎవర్నీ అగ్గిపుల్ల గీయనివ్వకండి, అలాంటి వీరుడు ప్రతి ఇంట్లో ఒకడు ఉంటాడు.

తేటనీరు:
ఉన్నాడండీ, మా మామయ్య. నిన్ననే లైటర్ పట్టుకుని బయల్దేరితే లాక్కున్నాం. రేపు సీసాలు తెచ్చుకుంటా.