ఎలుకల మందు పెడితే పిల్లి ప్రాణం మీదకు వచ్చింది. మీకూ ఇలా జరిగిందా?

పెరటిగడప:
పొలాల మధ్య ఇల్లు మాది. కోతలయ్యాక ఎలుకలన్నీ అటక మీదకు చేరాయి. బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు బిళ్లలు తెచ్చి, పిల్లికి అందకుండా దూలం మీద పెట్టాను. వారం తిరిగేసరికి అటక మీద చప్పుడు ఆగింది. మరో రెండు రోజులకు పిల్లి తిండి మానేసి మూలన పడుకుంది. నోరు తెరిచి చూస్తే చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. మందు తిన్న ఎలుకను తిని ఉంటుందని పశువైద్యుడు చెప్పేదాకా నాకు తట్టలేదు. బిళ్ల అందకపోతే చాలనుకున్నాను. ఇప్పుడు విరుగుడుగా విటమిన్ కె1 ఇస్తున్నారు. మీకు ఎదురైనవి కూడా రాయండి, మరో ఇంట్లో ఇలా జరగకుండా ఉంటుంది.

తూనీగ:
మీ పిల్లి కోలుకోవాలి. ఆ మందుతో చిక్కే అది, ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టడానికి శరీరం విటమిన్ కెను వాడుకోకుండా మందు అడ్డుపడుతుంది. ప్రాణం పోవడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోగా ఎలుక మళ్లీ మళ్లీ వచ్చి తింటుంది, మందు దాని కాలేయంలో పేరుకుంటుంది. చివరికి నీరసించి పట్టపగలే తిరుగుతుంది. అంత సులువుగా దొరికే వేటను ఏ పిల్లి వదులుతుంది?

మా పశువుల కొట్టంలో ఏళ్ల తరబడి గుడ్లగూబల జంట ఉండేది. మందు పెట్టిన నెలలోనే ఒకటి దూలం కింద చచ్చి పడి ఉంది. పరీక్ష చేయించలేదు కాబట్టి మందే కారణమని తేల్చి చెప్పలేను. రెండోది ఎటో వెళ్లిపోయింది. మరుసటి ఏడు ఎలుకలు మునుపటికన్నా ఎక్కువగా వచ్చాయి. ఎలుకకు మూడు వారాల చూలు చాలు. గుడ్లగూబ మళ్లీ వచ్చి గూడు పెట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో! ఆ కొట్టంలోకి వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ పైకి చూస్తాను.

మట్టిగోడ:
మాకు ఎలుకలు చెక్క పలకల వెనక చచ్చాయి. రెండు వారాలు ఆ గదిలో పడుకోలేకపోయాం. వాసన తగ్గుతోందనుకునేలోపు కిటికీ నిండా ఆకుపచ్చ ఈగలు. వాటికన్నా బాధపెట్టింది ఎలుకల ఒంటి మీద రక్తం తాగే చిన్న పురుగులు. ఎలుక చల్లబడగానే అవి దాన్ని వదిలి మరో వెచ్చని ఒంటిని వెతుక్కుంటాయి. ఎలుకలు రాలిపడ్డాక మనుషులకు ప్లేగు సోకడానికి కారణం కూడా ఇవే. చివరికి పలకలు ఊడదీయక తప్పలేదు.

నిండుకుండ:
మాది చీమల కథ. వంటింట్లో పసుపు రంగు చిన్న చీమలు కనిపిస్తే స్ప్రే కొట్టాం. నెలలో స్నానాల గదిలో, పడకగదిలో కూడా బారులు తీరాయి. అవి ఫారో చీమలట. ఒకే పుట్టలో రాణులు చాలా ఉంటాయి, బెదిరితే గుంపులుగా విడిపోయి వేర్వేరు చోట్ల కాపురం పెడతాయి. స్ప్రే ఆపి, చీమలే మోసుకుపోయే నిదానమైన ఎర పెట్టాక తగ్గాయి.

ఏటిగట్టు:
జిగురు అట్టలు పెట్టాను. ఎలుక ఒక్కటీ పడలేదు, బల్లులు మూడు పడ్డాయి. వంటనూనె రాసి విడిపిస్తే ఒకటే బతికింది. బొద్దింకలను తినేది అవే.

తూనీగ:
ఇంకొకటి, దయచేసి వినండి. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఇంట్లోకి తేవద్దు. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది. పక్క గదిలో నిద్రపోతున్నవాళ్లు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. దానికి విరుగుడు లేదు.

మట్టిగోడ:
పెరటిగడప గారూ, పిల్లి ఎలా ఉంది?

పెరటిగడప:
ఇవాళ లేచి నీళ్లు తాగింది. ఎలుకల మందు ఒంట్లో చాలాకాలం నిలుస్తుంది కాబట్టి మాత్రలు వారాల తరబడి వేయాలని, ఆపాక రక్తపరీక్ష తప్పనిసరని వైద్యుడు అన్నారు. మిగిలిన బిళ్లలన్నీ తీసేశాను. బోనులు పెట్టి, పెన్సిలు దూరేంత సందునూ ఇనుప పీచుతో, సిమెంటుతో మూస్తున్నాను. చిట్టెలుకకు ఆ సందు చాలు. దూలం మీద బిళ్లలు రెండు సగం కొరికి ఉన్నాయి. వాటిని తిన్న ఎలుకలు ఎక్కడున్నాయో ఇంకా దొరకలేదు. అందుకే పిల్లిని బయటికి వదలడం లేదు.