నన్నయ పద్యంలో ‘కలిత’మా, ‘కవిత’మా?

కడప నుంచి ప్రశ్న:
నా కథ చదివిన మిత్రులొకరు, చెప్పదలచుకున్న విషయం కథలో ఇమడలేదనీ, పాత్రలను పక్కకు నెట్టి నేనే ఉపన్యసించినట్టుందనీ అన్నారు. అప్పటినుంచి నన్నయ భారతం మొదట్లో తన కవిత్వం గురించి చెప్పుకున్న ‘సారమతిం గవీంద్రులు’ పద్యం మనసులో మెదులుతోంది. నాకు గుర్తున్నది ‘ప్రసన్నకథాకవితార్థయుక్తి’. ఇంట్లో ఉన్న ప్రతిలో ‘కలితార్థయుక్తి’ అని ఉంది; ‘కలిత’ అంటే కూడిన, ‘అర్థయుక్తి’ అంటే అర్థాల కూర్పు. అర్థం కథతో కూడి ఉండాలన్నది నన్నయ మాటేనా, లేక మనం చదువుకుంటున్నదా?

కర్నూలు నుంచి:
ఛందస్సు ఈ తగవు తీర్చదు. ఉత్పలమాలలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరవలసిన చోటు, పదో అక్షరమైన ‘స’ మీద పడింది; ‘లి’, ‘వి’ రెండూ లఘువులే కనుక ఏదైనా యతీ గణమూ చెడవు. విశ్వనాథ సత్యనారాయణ ‘కలిత’ పాఠాన్నే తీసుకొని ఆ సమాసం పేరుతో ఒక పుస్తకమే రాశారు. ‘కవీంద్రులు’ అన్న వెంటనే మళ్ళీ ‘కవిత’ అనడం నన్నయ పొదుపుకు తగదని నా అభిప్రాయం.

అనంతపురం నుంచి:
పెద్దల పేరు చెప్పినంత మాత్రాన పాఠం నిలవదు, అయ్యవారూ. ‘కథాకవిత’ అంటే కథను నడిపే కవిత అని సమాసం చేసుకుంటే ‘వి’తోనూ అర్థం చక్కగా కుదురుతుంది.

కడప నుంచి మరొకరు:
అక్షరం సంగతి అలా ఉంచి, నన్నయ అర్థాన్ని కథలో కలిపి చూపిన చోటు చూడండి. నిండు సభలో దుష్యంతుడు ఎరుగనన్నాక శకుంతల ‘నుతజలపూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృతవ్రత యొక బావి మేలు’ అని ఎత్తుకుంటుంది. బావి కంటే క్రతువు, క్రతువు కంటే కొడుకు, కొడుకు కంటే సత్యవాక్యం అనే మెట్లన్నీ సంస్కృత భారతంలోని మూలశ్లోకంలోనూ ఉన్నాయి. అబద్ధమాడుతున్నవాణ్ణే ‘సూనృతవ్రత’ (సత్యమే వ్రతంగా గలవాడా) అని పిలవడం మాత్రం ఆ శ్లోకంలో లేదు. పైగా కొడుకు కోసం వచ్చిన తల్లే నూరుగురు కొడుకుల కంటే ఒక్క సత్యం మేలంటోంది. రచయిత తన గొంతుతో చెబితే ఇది సూక్తిగా మిగిలిపోయేది. ఆమె నోట, ఆ క్షణంలో, ఆ సంబోధనతో వచ్చింది కనుకనే రాజుకు తగిలింది. ప్రశ్న అడిగినవారు తమ ఉపన్యాసాన్ని ఏ పాత్రకు అప్పగించాలో, ఎవరి ముందు చెప్పించాలో ఆలోచిస్తే సగం పని అవుతుంది.

అనంతపురం నుంచి:
నూరు బావుల కంటే ఒక క్రతువు మేలన్న మెట్టు దగ్గర మా జిల్లావాళ్ళు ఆగిపోతారు. మూలంలోని కూపం, వాపి అన్న తేడాను నన్నయ నుయ్యి, బావి అని తెలుగు చేశాడు. చేదుకునే నూతిని, మెట్లు దిగి నీళ్ళు ముంచుకునే బావిని ఎరిగినవారికే నూతి కంటే బావి మేలన్న మొదటి మెట్టు అర్థమవుతుంది.

కర్నూలు నుంచి:
కథనశిల్పమంటే నాకు పోతనే. గజేంద్రుణ్ణి కాపాడడానికి విష్ణువు బయలుదేరే పద్యం చూడండి. ‘సిరికిం జెప్పడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపడు’ అంటూ విష్ణువు చేయని పనులను వరుసగా చెప్పి, ‘తొందర’ అన్న మాట వాడకుండానే తొందరను కళ్ళకు కట్టాడు. పోతన మా ఒంటిమిట్టవాడేనన్న వాదం ఇక్కడ ఎత్తవద్దని కడప మిత్రులకు మనవి.

కడప నుంచి మరొకరు:
ఎత్తకుండా ఎలా ఉంటాం? అయినా తర్వాత చూసుకుందాం. ముందు పద్యంలోని ‘ప్రసన్న’ (తేటగా ఉన్న) అన్నది కథకు విశేషణమా, అర్థయుక్తికా అన్నది తేలాలి. అదే పద్యంలో అన్నట్టు ‘లోనారసి’ (లోపల వెదికి) చూడవలసినంత లోతున అర్థం ఉన్నప్పుడు, ప్రసన్నంగా ఉండవలసింది కథేనని నా వాదం.

కర్నూలు నుంచి:
కాదు. యుక్తికే. రేపు వివరంగా రాస్తాను.