సంక్రాంతి సంబరాల్లో ఆ పైపర్ "వాయించను" అన్నాడు. సబబేనా?

లీత్_వాసి:
ఎడిన్‌బరాలో ఉంటాను. మొన్న సంక్రాంతికి మనవాళ్ళం ఒక బ్యాగ్‌పైపర్‌ని, అదే చంకలో తిత్తి పెట్టుకుని స్కాట్లండ్ పైపు వాయించేవాణ్ణి, మాట్లాడాం. అరవై దాటిన మనిషి. కిల్టు కట్టుకుని గుమ్మంలో నిలబడి వాయిస్తుంటే పిల్లలు ఒక్కరూ హాల్లోకి రారు. చివర్లో ఆయన స్టేజీ మీద ఉన్నప్పుడు నేనే వెళ్ళి 'ఫ్లవర్స్ ఆఫ్ ది ఫారెస్ట్' వాయించమని అడిగాను. నిరుడు నవంబరులో ఇక్కడి యుద్ధ స్మారకం దగ్గర విన్నాను, అప్పటినుంచీ చెవుల్లోనే ఉంది. ఆయన మొహంలో నవ్వు పోయింది. "అది ఇలాంటి చోట వాయించేది కాదండీ" అన్నాడు. మా కమిటీలో ఒకాయన ఇంకో ఇరవై పౌండ్లు ఇస్తామన్నాడు. అంతే, పైపు చంకలోంచి తీసి కింద పెట్టేశాడు. హాలంతా బిక్కచచ్చిపోయింది. కాసేపటికి ఏదో హుషారైన మార్చ్ ఒకటి వాయించి వెళ్ళిపోయాడు.

తెలియనివాళ్ళ కోసం: ఆ పాట పేరుకి అర్థం 'అడవి పూలు', అది ఒక ఓటమి మీద శోకగీతం. 1513 సెప్టెంబరు 9న ఫ్లాడెన్ దగ్గర స్కాట్లండ్ సైన్యం ఇంగ్లండ్ చేతిలో చిత్తుగా ఓడింది. రాజు నాలుగో జేమ్స్ కూడా అక్కడే పోయాడు. స్కాట్లండ్ వైపు పదివేలమంది దాకా చచ్చిపోయారని ఒక అంచనా. పాటలో అడవి అంటే దక్షిణ స్కాట్లండ్‌లో సెల్కిర్క్ అనే ఊరి వైపు ఉన్న ఎట్రిక్ అడవి, పూలు అంటే ఆ ఊళ్ళ కుర్రాళ్ళు.

డబ్బు మాట ఎత్తడం తప్పే, ఒప్పుకుంటా. కానీ నేను అడిగింది ఇష్టంతోనే కదా. ఐదొందల ఏళ్ళ నాటి ఓటమి, ఎవరి సొంతమూ కాని రాగం. దానికి తాళం వేసే హక్కు ఎవరికుంది?

చాంటర్_చిట్టి:
అన్నా, ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళు సబబు. గ్లాస్గోలో రెండేళ్ళుగా పైపు నేర్చుకుంటున్నా. ఇది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు. చాలామంది పైపర్లు ఆ ట్యూన్‌ని బయట అంత్యక్రియల్లో, సంస్మరణ సభల్లో తప్ప వాయించరు. నేర్చుకోవడం మాత్రం ఇంట్లో, ప్రాక్టీస్ చాంటర్ మీద. అంటే తిత్తి లేని పిల్లనగ్రోవి లాంటి గొట్టం, చప్పుడు చిన్నది. మా టీచరు ఆ పాఠం చెప్పిన రోజు ముందు లేచి వెళ్ళి కిటికీ మూసొచ్చారు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

పల్నాడు_శీను:
ఇందులో వింతేముంది? మా ఊళ్ళో పెళ్ళికొచ్చిన డప్పులవాళ్ళని చావు దరువు కొట్టమంటే కొడతారా? డప్పు అదే, పుల్లలూ అవే. దరువు వేరు. చిన్నప్పుడు నేను అన్నం తినే పళ్ళెం మీద ఆ దరువు వేస్తే మా నాయనమ్మ నా వీపు విమానం మోత మోగించింది.

నల్లగొండ_కవిత:
శీనన్నా, గా పోలిక అంత అల్కగ తీస్కోకు. చావు డప్పు అని పేరు వెట్టి, దాన్నీ దాన్ని కొట్టేటోళ్లనూ కలిపి ఊరవతల ఉంచిర్రు. ఇయ్యాల అదే డప్పు స్టేజీ ఎక్కితే ఛాతీ ఇరుసుకొని జూస్తున్నం. "ఇది గీడనే మోగాలె" అన్న మాటల మర్యాద ఉండొచ్చు, వెలి గూడ ఉండొచ్చు. స్కాట్లండ్ల ఏదున్నదో నాకు తెల్వది. అడగకుంట మాత్రం వదిలెయ్యొద్దు.

పాతసుబేదార్:
బాబూ, ముప్పయ్యేళ్ళు ఫౌజులో చేసి ఇప్పుడు సికింద్రాబాదులో ఉంటున్నాను. మన రెజిమెంట్లలో పైప్ బ్యాండులు బ్రిటిష్ కాలం నుంచి వచ్చినవే, ఇప్పటికీ ఉన్నాయి. లాస్ట్ పోస్ట్, అంటే పోయిన సైనికుల కోసం ఊదే బ్యూగుల్ రాగం, మోగిందంటే నా వెన్ను దానంతటదే నిటారవుతుంది, కూరగాయల బజారులో ఉన్నా సరే. ఒకసారి ఎవడో కుర్రాడు దాన్ని రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడు. సంచీ కింద పెట్టేసి నిలబడిపోయాను, వాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. మీ పైపరుకు కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆ మనిషి ఎంతమంది సమాధుల దగ్గర ఆ రాగం వాయించి ఉంటాడో మీరు అడిగారా?

ఇంకో మాట. 2022లో బీటింగ్ రిట్రీట్ (రిపబ్లిక్ డే వేడుకలు ముగిసే ఢిల్లీ సైనిక బ్యాండ్ల కార్యక్రమం) నుంచి 'అబైడ్ విత్ మి' అనే క్రైస్తవ గీతం తీసేసి 'ఏ మేరే వతన్ కే లోగో' పెట్టారు. పెట్టిన పాట మంచిదే, కాదనను. కానీ చీకటి పడుతుంటే ఏటా ఒకే స్వరం విని విని ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. ఆ గీతం రాసిన హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ కూడా స్కాట్లండు సరిహద్దు ప్రాంతంలోనే పుట్టాడు, కెల్సో దగ్గర ఎడ్నమ్ అనే పల్లెలో. దీనిమీద ఇక్కడ రాజకీయం మొదలెట్టకండి, దండం పెడతా.

పద్యాల_మాస్టారు:
అందరూ రాగం గురించే కొట్టుకుంటున్నారు. పాట ఏం చెబుతోందో ఒక్కరూ అడగలేదు!

ఈ రాగం 17వ శతాబ్దం తొలినాళ్ళ స్కీన్ అనే పాత సంగీత రాతప్రతిలో ఉంది. అప్పటి మాటలు దొరకలేదు. ఇప్పుడు ఎక్కువగా పాడే మాటలు 1756 ప్రాంతంలో జీన్ ఎలియట్ అనే ఆవిడ రాసినవి. పేరు బయటపెట్టకుండా వదిలింది కాబట్టి చాలామంది ఏ పాత జానపదమో అనుకున్నారు. యుద్ధం జరిగి అప్పటికే 240 ఏళ్ళు దాటింది. అంటే మీరంతా ఫ్లాడెన్ నాటి ఏడుపు అనుకుంటున్నది నిజానికి ఎన్నో తరాల తర్వాత ఒక ఆడమనిషి కూర్చుని ఊహించుకున్న ఏడుపు. అందుకని తక్కువేం కాదు, నాకు ఇంకా ఎక్కువ అనిపిస్తుంది.

పాటలో కత్తులు లేవు, గుర్రాలు లేవు. మొదలయ్యేదే గొర్రెల పాలు పితికే చోట. తెల్లవారకముందే పాలు పితుకుతూ ఆడపిల్లలు కూనిరాగాలు తీసేవాళ్ళు. స్కాట్స్ మాటలో 'లిల్టిన్'. ఇప్పుడు ఆ దారులన్నిటా 'మోనిన్', మూలుగు. రెండు మాటలూ ఒకే తూగులో పడతాయి, అక్కడే గుండె జారుతుంది. తర్వాత కోతలొస్తాయి. చేలో పరాచికాలాడే కుర్రాళ్ళు లేరు, పనలు కట్టేది తల నెరిసి ముడతలు పడ్డ ముసలివాళ్ళు. సాయంత్రం వాముల చుట్టూ ఆడపిల్లలతో దాగుడుమూతలు ఆడేవాళ్ళూ లేరు. మా కృష్ణా జిల్లా పొలంలో నిలబడి చదివినా ఒక్క మాటకు అర్థం వెతకక్కర్లేదు.

అసలు సంగతి చివర్లో ఉంది. మా పిల్లల్ని సరిహద్దుకు పంపిన ఆ ఉత్తర్వు ఎంత చేటు తెచ్చిందో అని అంటుంది. శత్రువు మోసం చేసి గెలిచాడనీ అంటుంది, నిజమే. కానీ ముందు వేలు చూపింది ఉత్తర్వు వైపు. ఇప్పుడు ఆ పాటని పైపు మీద వాయించండి. మాటలుండవు, ఉత్తర్వూ ఉండదు. మిగిలేది దుఃఖం ఒక్కటే. ఉత్తర్వులిచ్చే పెద్దలు పూలదండ పట్టుకుని ముందు వరసలో నిలబడి హాయిగా వినొచ్చు. నా అభ్యంతరం ఇదీ. పైపర్లు రాగానికి కాపలా కాస్తుంటే, పాలు పితికే పిల్లల మాట మాత్రం జారిపోయింది.

మూసీ_గట్టు:
మాస్టారూ చప్పట్లు. నాదొక డౌటు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో జరిగిన సోమ్ యుద్ధం మీద ఉన్న ట్యూన్‌ని పార్టీల్లో వాయిస్తారు, దానికి జనం గంతులేయడం నేనే చూశా. అక్కడ ఈ మర్యాదలేం లేవేం?

చాంటర్_చిట్టి:
మంచి ప్రశ్న. 'బాటిల్ ఆఫ్ ది సోమ్' కట్టింది విలియం లారీ, ఆర్గైల్ అండ్ సదర్లండ్ హైలాండర్స్ అనే స్కాట్లండ్ రెజిమెంటు 8వ బెటాలియన్ పైప్ మేజర్, అంటే పైపర్ల పెద్ద. ముందువరస నుంచే వచ్చిన ట్యూన్. ఆయన అక్కడ జబ్బుపడ్డాడు, 1916 నవంబరులో చనిపోయాడు. తొమ్మిది బై ఎనిమిది తాళం, ఉయ్యాల ఊగినట్టుంటుంది. నడవడానికి కట్టిన మార్చ్ కాబట్టి ఎవరూ కట్టుబాట్లు పెట్టలేదు. అది వాయించిన ప్రతిసారీ నాకు లోపల ఏదోలా ఉంటుంది, అది వేరే సంగతి.

మాస్టారూ, మీ మాటకొస్తే, నోటితో పాడొద్దని ఏ పైపరూ అనలేదు. కట్టుబాటు మేం మాకు పెట్టుకున్నది. పైగా సెల్కిర్క్ వాళ్ళనే చూడండి. ఏటా జూన్‌లో కామన్ రైడింగ్ అని వాళ్ళ ఊరి పండగ. ఫ్లాడెన్‌కి ఎనభై మంది వెళితే ఫ్లెచర్ అనే ఒక్కడే శత్రువుల జెండా పట్టుకుని తిరిగొచ్చాడని అక్కడి కథ. ఆ గుర్తుగా బజారు నడిబొడ్డున జెండాలు ఊపుతారు. తర్వాత ఊరంతా మౌనంగా నిలబడుతుంది. అప్పుడు బ్యాండు వాయించేది ఈ రాగమే, వాళ్ళు దాన్ని 'లిల్టిన్' అనే పిలుస్తారు. పండగలోనే, జాతరలోనే! ఎవరి పిల్లలు పోయారో వాళ్ళే పండగలో వాయించుకుంటుంటే, అంత్యక్రియల్లో తప్ప వద్దు అనే మాట అక్షరాలా నిలబడదని నాకూ తెలుసు. కానీ ఆ బజారులో ఎవరూ ఇరవై పౌండ్లు చూపించరు.

పద్యాల_మాస్టారు:
సెల్కిర్క్ సంగతి తెలియదమ్మా, తలవంచాను. మాటలు కత్తిరించడం గురించి మాత్రం ఒకటి చెప్పి ఆపుతాను. స్కాట్లండ్‌లోని పీబుల్స్‌లో పుట్టి ఆస్ట్రేలియా వెళ్ళిపోయిన ఎరిక్ బోగల్ పాట 'నో మ్యాన్స్ ల్యాండ్' ఉంది. ఫ్రాన్సులో 1916లో పోయిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడి సమాధి పక్కన ఒకడు కూర్చుని వాడితో మాట్లాడుతుంటాడు. నీకోసం పైపులు ఈ 'ఫ్లవర్స్ ఆఫ్ ది ఫారెస్ట్' వాయించాయా అని పల్లవిలోనే అడుగుతాడు. 2014లో రాయల్ బ్రిటిష్ లీజియన్ అనే మాజీ సైనికుల సహాయ సంస్థ నిధుల సేకరణకి ఆ పాటని కొత్తగా విడుదల చేసింది. చివరి చరణాలు లేవు! ఇదంతా దండగైంది, మళ్ళీ మళ్ళీ జరుగుతూనే ఉంది అని చెప్పే చరణాలే అవి. అప్పట్లో పెద్ద గొడవైంది. అక్కడ కత్తెర పట్టింది ఏ పైపరూ కాదు.

పాతసుబేదార్:
మాస్టారూ, చెట్టంత కొడుకు పోయిన తల్లి ముందు నిలబడి దండగైంది అని పాడగలరా? నేనైతే పాడలేను. ఆ తల్లే అంటే తల వంచుకుని వింటాను.

నల్లగొండ_కవిత:
సుబేదార్ సాబ్, ఎలియట్ పాటల అన్నది ఆ ఆడోళ్ళే కదా. గందుకే మాటలు గావాలంటున్నడు మాస్టారు.

పాతసుబేదార్:
ఊఁ.

లీత్_వాసి:
అందరికీ థాంక్స్. నిన్న ఆ పైపర్‌కి ఫోన్ చేసి సారీ చెప్పాను. డబ్బు సంగతి ఆయన అసలు ఎత్తలేదు. "నవంబరులో మా స్మారకం దగ్గరికి రా, వాయిస్తాను" అన్నాడు. నోటితో పాడితే మీకేమైనా అభ్యంతరమా అని అడిగితే నవ్వాడు. "పాడటం వచ్చినవాళ్ళుంటే పాడించు, నేను వెనక కుర్చీలో కూర్చుని వింటా" అన్నాడు.

మా పక్కింటావిడది సెల్కిర్క్ దగ్గర పల్లె. ఉగాది కార్యక్రమంలో పాడతానని ఒప్పుకుంది, పైపు లేకుండా, మాటలతో. అర్థం మాస్టారు తెలుగులో రాసిస్తే ముందు చదివిస్తాం. ఏమంటారు?

పద్యాల_మాస్టారు:
ఆదివారానికి పంపుతాను. పనలు కట్టే చరణం ఎగరగొట్టొద్దని ఆవిడకి గట్టిగా చెప్పండి.

చాంటర్_చిట్టి:
అన్నా, భోజనాలకు ముందు పెట్టండి. పులిహోర వడ్డన మొదలయ్యాక ఎవరూ వినరు.