క్యాన్సర్ కోసం మొదలైన పని పేగు జబ్బుకి మందైతే, దాన్ని గెలుపు అనొచ్చా?

నందివర్ధనం:
పీహెచ్‌డీ దరఖాస్తు రాస్తున్నాను. కణాలు తమ చుట్టూ ఉన్నవాటిని ఎలా పట్టుకుంటాయి అన్నది నా అంశం. "క్యాన్సర్ చికిత్సకి దారి అని రాయి, లేకపోతే డబ్బు రాదు" అంటున్నారు మా గైడ్. నాకు మనసొప్పడం లేదు. కణాల శాస్త్రవేత్త రిచర్డ్ హైన్స్ సంగతే చూడండి. మామూలు కణాల మీద ఉండి, క్యాన్సర్ కణాల మీద కనిపించకుండా పోయే ఒక పెద్ద ప్రోటీన్‌ని ఆయన 1973లో లండన్‌లో గుర్తించారు. అదే ఫైబ్రోనెక్టిన్. అది పోవడమే రోగానికి మూలమేమో అన్న ఆశ అప్పట్లో ఉండేది. కానీ ఆ ప్రోటీన్‌ని తిరిగి అందిస్తే కణాలు డిష్‌కి చక్కగా అతుక్కున్నాయి గానీ, అదుపు తప్పిన పెరుగుదల ఆగలేదు. ఆయన ఆ దారి వదల్లేదు. 2022లో వైద్య పరిశోధనకిచ్చే పెద్ద గౌరవం లాస్కర్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. దీన్ని గెలుపు అనొచ్చా?

కొలిమి:
నేను అననండీ. మా నాన్నగారు మెదడు ట్యూమర్‌తో పోయారు. అదే గ్లయోబ్లాస్టోమాకి, కణాల పట్టుని అడ్డుకునే సిలెంజిటైడ్ అనే మందు మీద మేమూ ఆశ పెట్టుకున్నాం. పెద్ద ట్రయల్‌లో అది రోగుల ఆయుష్షు పెంచలేకపోయింది. క్యాన్సర్ పేరు చెప్పి జనం డబ్బు తీసుకున్నప్పుడు లెక్క కూడా క్యాన్సర్‌లోనే చెప్పాలి.

పాఠాలటీచర్:
కొలిమి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆ ఆశ తప్పాక వచ్చిన ప్రశ్నే అసలు విలువైనది. బయట ఫైబ్రోనెక్టిన్ ఉంది సరే, దాన్ని పట్టుకునే చెయ్యి కణానికి ఎక్కడుంది? 1984లో రుయోస్లాహ్తి, పియర్ష్‌బాకర్ అనే శాస్త్రవేత్తలు కలిసి ఆ పెద్ద ప్రోటీన్‌లో మూడు అమైనో ఆమ్లాల వరస ఉంటే చాలు, కణం పట్టుకుంటుందని చూపించారు. ఆ చెయ్యికి హైన్స్ బృందం 1986లో ఇంటెగ్రిన్ అని పేరు పెట్టింది. ఎందుకంటే అది కణం పొరలో నిలబడి కణం బయటి ప్రోటీన్ల అల్లికనీ, కణం లోపలి అస్థిపంజరాన్నీ కలుపుతుంది. బోస్టన్‌లో తెల్ల రక్త కణాల మీద పనిచేస్తున్న టిమొతీ స్ప్రింగర్‌కి దొరికిన ప్రోటీన్లు కూడా ఈ కుటుంబానివేనని తేలింది. ఇలాంటివి మనిషిలో 24 ఉన్నాయి. ప్లేట్‌లెట్ల మీద ఉండే రకాన్ని అడ్డుకుంటే రక్తం గడ్డకట్టదు. గుండెపోటు రోగులకి వాడే ఎప్టిఫిబటైడ్ చేసేది అదే. క్యాన్సర్ అనే ఒక్క గదిలో కూర్చుని ఉంటే ఇది దొరికేదా?

తులసికోట:
నాకు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు. ఎనిమిది వారాలకోసారి వెడోలిజుమాబ్ అనే మందు ఎక్కించుకుంటాను. తెల్ల కణాల మీది ఒక ఇంటెగ్రిన్‌ని అడ్డుకుని, అవి పేగు రక్తనాళాల గోడని పట్టుకోకుండా ఆపుతుందది. దానికి ముందు నటాలిజుమాబ్ అనే ఇలాంటి మందే వచ్చింది. అది మెదడుకి వెళ్లే కణాలనీ ఆపుతుంది. కొందరికి మెదడులో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ రావడంతో 2005లో వెనక్కి తీసుకుని, 2006లో గట్టి నిఘాతో మళ్లీ అనుమతించారు. ఏ ఇంటెగ్రిన్ ఎక్కడ పట్టుకుంటుందో విడివిడిగా తెలియడం నాలాంటివాళ్లకి ప్రాణం విషయం. నేను ఉద్యోగానికి వెళ్లగలుగుతున్నాను. నా వరకు ఇది గెలుపే.

కొలిమి:
మీ ఆరోగ్యం బాగుండాలి తల్లీ. అయితే ఆ మందుని ముందుకి నడిపింది స్ప్రింగర్ పెట్టిన కంపెనీ, హైన్స్ ల్యాబ్ కాదు. ఇంకొకటి కూడా. పరిశోధన ఆపమని నేను అనలేదు. ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాడికి "చికిత్స" అన్న మాట ఎంత బరువో తెలిసి రాయమంటున్నాను.

పాఠాలటీచర్:
ఆ మాటతో నాకూ పేచీ లేదు. స్ప్రింగర్ కంపెనీ సంగతీ నిజమే. కానీ హైన్స్ క్యాన్సర్‌ని వదిలేయలేదు. తర్వాతి దశాబ్దాల్లో కణితి ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా పాకుతుంది, దాని చుట్టూ ఉన్న అల్లికలో ఏ ప్రోటీన్లు ఉంటాయి అన్నదాని మీదే ఎక్కువగా పనిచేశారు.

నందివర్ధనం:
కొలిమి గారి మాట పట్టుకుని మొదటి పేరా తిరగరాశాను. "చికిత్స" తీసేశాను. "వలస వెళ్లే కణం వెనకవైపు పట్టు ఎప్పుడు, ఎలా వదులుతుందో కొలుస్తాను" అని పెట్టాను. సోమవారం గైడ్‌కి చూపిస్తాను. ఒప్పుకోకపోతే తులసికోట గారి మందు కథ చెప్పి అడుగుతాను.