పాత డాస్ బ్యాకప్ ఫ్లాపీలు 22, ఏడోది చదవడం లేదు. మిగతావైనా తీయొచ్చా?

బ్రాడీపేట_నాలుగోలైను:
గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు లెక్కలండీ, డీబేస్ త్రీ ప్లస్ అనే పాత డేటాబేస్ ప్రోగ్రాంలో రాసినవి. ఐదుంపావు అంగుళాల 360 కేబీ ఫ్లాపీలు 22, మీద వరస నంబర్లున్నాయి. డిర్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొడితే ఒక్కోదాంట్లో రెండే ఫైళ్లు: బ్యాకప్.001, కంట్రోల్.001, తర్వాతి దాంట్లో .002, అలా. రైతుల ఖాతాల ఫైలు పేరు ఎక్కడా లేదు. కాపీ చేసి తెరిస్తే ఇది డీబేస్ ఫైలే కాదంటోంది. ఏడో ఫ్లాపీ 360 డ్రైవులో పెడితే డేటా ఎర్రర్. అసలు హార్డ్ డిస్క్ లేదు. బ్యాకప్ అన్నాక మామూలు కాపీలా ఎందుకు లేదు?

బెజవాడ_బైట్:
అది డాస్ 3.3 నుంచి వచ్చిన పద్ధతండీ. అంతకు ముందు వెర్షన్లు ప్రతి ఫైలునీ దాని పేరుతోనే రాసి, ముందు 128 బైట్ల హెడర్ తగిలించేవి. 3.3లో ఫైళ్లన్నీ వరసగా అతికించి బ్యాకప్.001లో పోస్తారు, ఏది ఎక్కడుందో చిట్టా కంట్రోల్.001లో ఉంటుంది. ఫ్లాపీ నిండితే ఫైలు మధ్యలో తెగి మిగతాది తర్వాతి దాంట్లోకి పోతుంది. స్పీడు పెరిగింది, చోటు కలిసొచ్చింది. కానీ మధ్యలో ఒక్క ఫ్లాపీ పోతే దాని మీదుగా సాగిన ఫైలు రీస్టోర్‌కి దొరకదు.

ముందు రాత అడ్డుకోండి. ఐదుంపావు ఫ్లాపీకి పక్క గంటు మీద స్టిక్కర్ వేస్తేనే రక్షణ, మూడున్నర దానికి కిటికీ తెరిస్తే రక్షణ. ఆ తిరకాసులో పోయిన డిస్కులు చాలానే ఉంటాయి. తర్వాత అండాకారపు కన్నంలోంచి వెలుతురులో చూడండి. మన వైపు ఉక్కకి బూజు పడుతుంది. తెల్లటి మచ్చలుంటే డ్రైవులో పెట్టొద్దు, హెడ్‌కి అంటుకుని వెనకొచ్చే మంచి ఫ్లాపీలనూ గీస్తుంది.

ఆటోనగర్_స్పిండిల్:
ఏడోది చచ్చిందని అప్పుడే తేల్చకండి. పీసీ ఏటీ రకం కంప్యూటర్ల 1.2 ఎంబీ డ్రైవులో చదివి రాసే హెడ్ సన్నం, అది గీసే ట్రాకు 360 డ్రైవు గీసేదాంట్లో సగమే. 360 డ్రైవులో రాసిన ఫ్లాపీ మీద ఏటీలో తిరగరాస్తే పాత రాత అంచుల్లో మిగిలిపోతుంది. వెడల్పు హెడ్ రెండిటినీ కలిపి చదివి ఎర్రర్ ఇస్తుంది. అదే ఫ్లాపీని 1.2 డ్రైవులో పెట్టండి, చాలాసార్లు గబుక్కున చదివేస్తుంది.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవులు మూడున్నరవే, మీకు పనికిరావు. గ్రీజ్‌వీజిల్ అని, పాత ఫ్లాపీ డ్రైవుని యూఎస్‌బీకి కలిపే బోర్డుంది. దానికి 1.2 డ్రైవు తగిలించి, డబుల్ స్టెప్ (హెడ్ ఒకేసారి రెండు ట్రాకులు జరగడం) పెట్టి ఒక్కో ఫ్లాపీకి ఇమేజి, అంటే మొత్తం నకలు ఫైలు, తీయండి. డాస్‌లా మొదటి చెడ్డ సెక్టారు (ట్రాకులో 512 బైట్ల ముక్క) దగ్గర ఆగిపోదు, మిగతాదంతా తెస్తుంది. ఇంకో మాట: డాస్ "జనరల్ ఫెయిల్యూర్" అంటే ఫ్లాపీ చెడినట్టే అనుకోకండి. ఫాస్ట్‌బ్యాక్ లాంటి బ్యాకప్ ప్రోగ్రాములు సొంత ఫార్మాట్‌లో రాసేవి, డాస్‌కి అర్థం కాదు. ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే మాత్రం వద్దనండి.

బెజవాడ_బైట్:
ఇమేజిలు వచ్చాక 86బాక్స్‌లో (పాత పీసీని అనుకరించే ప్రోగ్రాం) ఖాళీ సి డ్రైవు మీద డాస్ 5 లేదా 6.22 రీస్టోర్ వాడండి. అవి 2.0 నుంచి 5 దాకా తీసిన బ్యాకప్‌లన్నీ చదువుతాయి. కమాండ్ ఇది: రీస్టోర్ ఏ: సి:\*.* /ఎస్. ఏడోది తప్పించి ఎనిమిదోది పెడితే వరస తప్పిందని హెచ్చరిస్తుంది, ఏదైనా కీ నొక్కితే ముందుకెళ్తుంది.

బ్రాడీపేట_నాలుగోలైను:
1.2 డ్రైవులో ఏడోది చదివింది అన్నా! రెండు సెక్టార్లే పోయాయి, కంట్రోల్.007 బాగానే వచ్చింది. కానీ ఖాతాల డీబీఎఫ్ (డీబేస్ డేటా ఫైలు) సరిగ్గా దాని మీదుగానే వెళ్తోంది.

ఆటోనగర్_స్పిండిల్:
అయితే దొరికినట్టే. బ్యాకప్ కమాండ్ కుదించదు, ఉన్నదున్నట్టు రాస్తుంది. కుదించే రకమైతే ఒక్క సెక్టారుతో చాలా పోయేది. హెక్స్ ఎడిటర్‌లో (ఫైలుని బైట్ల వారీగా చూపేది) కంట్రోల్.006, 007, 008 తెరవండి. ఫైలుకి 34 బైట్ల చొప్పున నమోదు ఉంటుంది: పేరు, మొత్తం సైజు, ఇది ఎన్నో ముక్క, ఇక్కడ ఎక్కడ మొదలు, ఎంత పొడవు. ఆ లెక్కన బ్యాకప్.006, 007, 008లలోంచి ముక్కలు కోసి వరసగా అతికించండి. పోయిన సెక్టార్ల చోట 512 బైట్ల చొప్పున ఖాళీ అక్షరాలు నింపాల్సిందే, లేకపోతే వెనకున్న రికార్డులన్నీ పక్కకి జరిగిపోతాయి. రికార్డు 64 బైట్లయితే సెక్టారుకి ఎనిమిదో తొమ్మిదో ఖాతాలు పోతాయి, అంతే.

బెజవాడ_బైట్:
పక్కన ఇంకో చిన్న కట్ట ఉందేమో వెతకండి. బ్యాకప్ కమాండ్‌కి /ఎం పెట్టి తీసినవైతే అంతకు ముందు తీసిన బ్యాకప్ తర్వాత మారిన ఫైళ్లు మాత్రమే ఉంటాయి. ముందు ఈ 22, తర్వాత అవి తేదీ వరసలో వేయాలి. తిరగేసి వేస్తే కొత్త ఖాతాల మీద పాతవి కూర్చుంటాయి. అతికించిన డీబీఎఫ్ పక్కన పాత ఎన్‌డీఎక్స్ (ఇండెక్స్) ఫైళ్లు వాడొద్దు, తీసేసి ఇండెక్స్ మళ్లీ కట్టుకోండి.