వాల్యూ అంటే అన్ని చోట్లా విలువేనా?

ప్రశ్న: చిత్రకళ మీద ఒక పాఠాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో 'వాల్యూ' అన్న మాట మాటిమాటికీ వస్తోంది. విలువ అని రాస్తే "ఈ నీలం విలువ తక్కువ" అని తయారవుతోంది. చదివేవాళ్లు రంగు డబ్బా చవకేమో అనుకుంటారు. మూల్యం అంటే మరీ ఘోరం. ఇక్కడ ఏ మాట వాడాలి? అసలు ఈ వాల్యూకి ఎన్ని అర్థాలున్నాయండీ?

జవాబు: ముందు మీ పాఠం సంగతి చూద్దాం. రంగుల విషయంలో వాల్యూ అంటే ఆ రంగు ఎంత వెలుగుగా ఉంది, ఎంత చీకటిగా ఉంది అన్నదే. ఆల్బర్ట్ మున్సెల్ 20వ శతాబ్దం మొదట్లో తయారుచేసిన పద్ధతిలో ప్రతి రంగుకూ మూడు లక్షణాలు చెప్తారు. ఎరుపా, పసుపా, నీలమా అన్నది హ్యూ. ఎంత చిక్కగా ఉందన్నది క్రోమా. మూడోది ఈ వాల్యూ. దీని కొలత నలుపు దగ్గర 0తో మొదలై తెలుపు దగ్గర 10తో ముగుస్తుంది. ఒక ఎరుపు, ఒక నీలం పక్కపక్కన పెట్టి కొలిస్తే రెండూ 4 దగ్గరే ఉండొచ్చు. అప్పుడు రంగులు వేరైనా వాల్యూ ఒకటే. దీన్ని 'వెలుగు స్థాయి' అనండి. మొదటిసారి వచ్చిన చోట మాత్రం వాల్యూ అన్న మాట కూడా ఉంచండి, బొమ్మలు వేసేవాళ్లకు అదే అలవాటు.

ఇక్కడ విలువ ఎందుకు అతకదో చూస్తే మిగతా అర్థాల చిక్కు కూడా కొంత విడుతుంది. వాల్యూ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దాని మూలం లాటిన్ క్రియ 'వలేరే'. బలంగా ఉండటం, సత్తా కలిగి ఉండటం అని అర్థం. శౌర్యాన్ని చెప్పే వాలర్, చెల్లుతుంది అనే వ్యాలిడ్, రసాయనశాస్త్రంలో మనం సంయోజకత అనే వేలెన్సీ, అన్నీ ఆ కుటుంబమే. మన విలువ పుట్టుక వేరు. పాత తెలుగులో 'విలుచు' అంటే కొను. తమిళంలో 'విల్' అంటే అమ్ము, 'విలై' అంటే ధర. పారసీకం నుంచి వచ్చిన ఖరీదుకు కూడా మొదటి అర్థం కొనుగోలే. అంటే మన మాటలు బేరంలో పుట్టాయి, వాళ్ల మాట బలంలో పుట్టింది. అందుకే ధరతో సంబంధం లేని చోట్ల కూడా వాల్యూ ఇబ్బంది లేకుండా ఇమిడిపోతుందని నాకనిపిస్తుంది. అక్కడ దాని అర్థం 'ఇది ఎంతకు లెక్క' అన్నదే.

లెక్కల్లో మనకు బడి సాయం చేసింది. "ఎక్స్ విలువ 5" అంటే ఎవరూ ధర అనుకోరు. 352లో 5కి స్థాన విలువ 50, ముఖ విలువ 5 అని పిల్లలు కూడా చెప్తారు. సంగీతంలో నోట్ వాల్యూ అంటే ఆ స్వరం ఎంతసేపు పలకాలన్న లెక్క. దీనికి కొత్త మాట వెతకనక్కర్లేదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు అని ఛందస్సు ఎప్పుడో చెప్పింది, ఆ 'మాత్ర' చాలు. భాషాశాస్త్రంలో అక్షరం వాల్యూ అంటే అది పలికే ధ్వని. మన 'చ'కు రెండున్నాయి, చిలుకలో ఒకటి, చాపలో ఒకటి. అక్కడ 'అక్షరం విలువ' అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

అసలు రుచి ఆర్థికశాస్త్రంలో ఉంది. వాల్యూకి రెండు అర్థాలున్నాయని ఆడమ్ స్మిత్ 1776లోనే విడదీసి చెప్పాడు. ఒకటి వాడకంలో ఉండే విలువ, రెండోది మారకంలో వచ్చే విలువ. నీళ్లంత ఉపయోగమైనది లేదు, కానీ వాటితో మార్చుకుని తెచ్చుకోగలిగేది దాదాపు ఏమీ లేదు. వజ్రం సరిగ్గా తిరగేసి. ఒకే మాట రెండు పనులు చేస్తోంది కాబట్టి ఆయన అంత వివరించాల్సి వచ్చింది. మనకైతే "వెల తక్కువ, విలువ ఎక్కువ" అని ఒక్క ముక్కలో సరిపోతుంది. ఇంకో తమాషా చూడండి. వెలలేనిది అంటే అంత గొప్పదని, విలువలేనిది అంటే ఎందుకూ పనికిరానిదని. రెండూ 'లేనివే', అర్థాలు మాత్రం ఎదురెదురు. ఇన్‌వాల్యుబుల్ అన్న మాట చూసి 'విలువలేని' అని రాసినవాళ్లను చూశాను. అమూల్యమైన అని ఉండాలి.

ఇంకొకరు: మూల్యం సంగతి కూడా చెప్పండి గురువుగారూ. పత్రికల్లో "భారీ మూల్యం చెల్లించుకున్నాడు" అంటారు కదా, అది వాల్యూనా?

జవాబు: కాదండీ. అక్కడ మూల్యం అంటే నష్టం, శిక్ష. ఇంగ్లీషులో ఆ చోట వచ్చేది ప్రైస్. అదే మూల్యం 'మూల్యాంకనం'లో చేరితే పేపర్లు దిద్దడం అవుతుంది. ఇక ఫేస్ వాల్యూ దగ్గర మరీ జాగ్రత్త. షేరు మీద అచ్చువేసిన మొత్తానికి ముఖ విలువ అనడం సరే. "అతని మాటల్ని ముఖ విలువతో తీసుకోలేం" అని రాస్తే మాత్రం తెలుగు కాదు. "పైకి చెప్పేదంతా నమ్మలేం" అంటే పోయే.

మరొకరు: బహువచనం మర్చిపోయారు. "ఆయనకు విలువలున్నాయి" వేరు, "ఆయనకు విలువ ఉంది" వేరు. మొదటిది నీతి, రెండోది నలుగురిలో గౌరవం. "నా మాటకు విలువే లేదు" అని అలిగేవాళ్లు అడిగేది గౌరవమే. దాన్ని ఇంగ్లీషు చేస్తే వాల్యూ కంటే రెస్పెక్టే దగ్గర.

జవాబు: నిజమే, అది మన మాట సొంతంగా సంపాదించుకున్న అర్థం.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్. ఒక్క సందేహం. వెలుగు స్థాయి కంటే 'లేత, ముదురు' అంటే ఇంకా తేలిక కదా?

జవాబు: తేలికే, కానీ లేత అన్న మాట రెండు పనులు చేస్తుంది. తెలుపు కలిపిన ఎరుపునూ లేత అంటాం, బూడిద కలిసి వెలిసినట్టున్న ఎరుపునూ లేత అంటాం. రెండోది క్రోమా తగ్గడం. మీ పాఠం ఈ రెంటినీ వేరుచేసి నేర్పేదైతే పిల్లలు అక్కడే తికమకపడతారు.

ప్రశ్న అడిగినవారు: సరిగ్గా తర్వాతి పేజీలో అదే ఉంది. అయితే మామూలు వాక్యాల్లో లేత, ముదురు వాడతాను. కొలతల పట్టిక దగ్గరా, క్రోమాతో పోల్చే చోటా వెలుగు స్థాయి పెడతాను.