బెంగళూరులో సెకండ్ హ్యాండ్ ప్రీమియం ఎలక్ట్రిక్ కారు: అడ్వాన్సు ఇచ్చే ముందు ఏమేం చూడాలి?

మారతహళ్ళి_మామ:
బడ్జెట్ 32 లక్షలు, కొంచెం అటూ ఇటూ. చూస్తున్నవి మూడు: 2023 హ్యుందాయ్ అయానిక్ 5 (కర్ణాటక నంబరు కేఏ 53, ఒకే ఓనరు), 2022 కియా ఈవీ6 (హైదరాబాద్ రిజిస్ట్రేషన్), వోల్వో ఎక్స్‌సీ40 రీచార్జ్. వాడకం ఆఫీసుకి, అప్పుడప్పుడూ అనంతపురం మీదుగా కర్నూలుకి. అయానిక్ డీలరు "బ్యాటరీ ఆరోగ్యం 100 శాతం" అని ఫోన్ స్క్రీన్‌షాట్ పంపాడు. అది సరిపోతుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "కొత్తదే తీసుకో" అనే సలహా మాత్రం వద్దు.

వోల్టు_వీరయ్య:
ఆ 100 చూసి మురిసిపోకండి. హ్యుందాయ్, కియా బ్యాటరీల్లో మనకు కనపడని కొంత సామర్థ్యం దాచి ఉంచుతారు. అది తరిగేదాకా ఆరోగ్యం అంకె 100 దగ్గరే కూర్చుంటుంది. మంచి బండికీ 100 వస్తుంది, ఓ మోస్తరు బండికీ 100 వస్తుంది.

స్క్రీన్‌షాట్ కాదు, మీ డాంగిల్ (బండి కంప్యూటరు సమాచారాన్ని ఫోన్‌కి పంపే చిన్న పరికరం) మీరే తీసుకెళ్లండి. బండిలోని ఓబీడీ పోర్టుకి (తనిఖీ సాకెట్టుకి) పెట్టి కార్ స్కానర్ యాప్‌లో మూడు చూడండి.

మొదటిది సెల్ వోల్టేజీల తేడా. అయానిక్ 72.6 యూనిట్ల ప్యాకులో 180 సెల్ వరసలు, ఈవీ6 77.4 యూనిట్ల ప్యాకులో 192 వరసలు ఉంటాయి. గరిష్ఠ సెల్‌కీ కనిష్ఠ సెల్‌కీ మధ్య 0.02 వోల్టు ఉంటే మామూలే. ఛార్జ్ 15 శాతం దగ్గర ఉన్నప్పుడు, బండి అరగంట కదలకుండా ఆగాక చూడాలి. 80 శాతం దగ్గర బలహీనమైన సెల్ కూడా మిగతావాటితో కలిసిపోయి కనపడదు, అడుగుకి వచ్చేసరికే బయటపడుతుంది. అక్కడ 0.05 దాటితే ప్రశ్నలు అడగండి. 0.1 ఉంటే ఇంకో బండి చూసుకోండి.

రెండోది, మొత్తం డిశ్చార్జ్ అయిన యూనిట్లు. ఓడోమీటరుతో భాగించండి. 30 వేల కిలోమీటర్లకి 6,000 యూనిట్లు అంటే వందకి 20, బాగానే ఉంది. బ్రేకుల్లో తిరిగి వచ్చే కరెంటు కూడా ఈ లెక్కలో తిరుగుతుంది కాబట్టి సిటీ బండికి 25 దాకా రావచ్చు. 35 వచ్చిందంటే ఓడోమీటరుని వెనక్కి తిప్పారేమో చూడాలి.

మూడోది డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ ఎన్నిసార్లు, ఏసీ (ఇంటి కరెంటుతో నెమ్మదిగా ఎక్కించేది) ఎన్నిసార్లు. దీని గురించి జనం అనవసరంగా భయపడతారు. డీసీ ఎక్కువైతే బేరానికి పనికొస్తుంది, అంతే.

సీమ_కరెంటు:
వీరయ్య గారూ, డాంగిల్ చూపేది బీఎంఎస్ (బ్యాటరీని కాచుకునే కంప్యూటరు) చెప్పిన మాటే కదా. ఆ అంచనా తప్పు కావచ్చు. కరెంటు ఎంత పట్టిందో చూస్తే ఇంకాస్త నమ్మకం.

20 శాతం నుంచి 80 శాతం దాకా డీసీ ఛార్జర్ దగ్గర ఎక్కించండి. అయానిక్ 5కి 60 శాతం అంటే 43.5 యూనిట్లు. డీసీలో నష్టం 5 శాతం దాకా వేసుకుంటే ఛార్జర్ స్క్రీన్ మీద 45, 46 కనపడాలి. 40 యూనిట్లతోనే 80కి చేరితే ప్యాకు 63 దగ్గర ఉన్నట్టు, అంటే 87 శాతం. శాతం అంకెలోనే ఒకటి రెండు పాయింట్ల తప్పు ఉంటుంది కాబట్టి చిన్న ముక్క కాకుండా కనీసం 50 శాతం ఎక్కించాలి. ఇంట్లో ఏసీ మీటరు మీద చూస్తే నష్టం 10 శాతం పైనే, లెక్క చెదురుతుంది.

కిలోవాట్లు ఎంత వస్తున్నాయో కూడా చూడండి. రెండు గన్నులు (బండికి పెట్టే ప్లగ్గులు) ఉన్న 60 కిలోవాట్ల ఛార్జర్‌లో పక్కన ఇంకో బండి ఉంటే మీకు 30 మాత్రమే వస్తుంది. అది బండి తప్పు కాదు. 120 లేదా అంతకు మించిన ఛార్జర్ దగ్గర ఒక్క బండే ఉన్నప్పుడు చూడండి.

హోసూరు_రోడ్_హేమ:
బ్యాటరీ గురించి ఇంత చర్చ జరుగుతోంది కానీ ఈ రెండు కొరియా బండ్లలో జేబుకి చిల్లు పెట్టేది బ్యాటరీ కాదు, ఐసీసీయూ. బయటి ఏసీని ప్యాకులోకి ఎక్కించేదీ, ప్యాకు కరెంటుతో 12 వోల్టుల బ్యాటరీని నింపేదీ ఆ ఒక్క పెట్టే. అది పోతే 12 వోల్టులు పడిపోతూ వస్తుంది, హెచ్చరిక వస్తుంది, పవర్ తగ్గుతుంది, చివరికి బండి ఆగుతుంది. 2024లో హ్యుందాయ్ మన దేశంలో 1,744 అయానిక్ 5లను, కియా 1,138 ఈవీ6లను దీనికోసమే వెనక్కి పిలిచాయి. 2025 ఫిబ్రవరిలో ఈవీ6కి మళ్లీ సాఫ్ట్‌వేర్ రీకాల్ వచ్చింది.

చేయాల్సింది ఇది. ఛాసిస్ నంబరు పట్టుకుని అధీకృత సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, రీకాల్ పని ఎప్పుడు జరిగిందో, పెట్టె మార్చారా, సాఫ్ట్‌వేర్ ఒక్కటేనా అని జాబ్ కార్డు ప్రింటు అడగండి. సాఫ్ట్‌వేర్ వేశాక కూడా పెట్టె పోవచ్చు, కాబట్టి "రీకాల్ అయిపోయింది" అన్న మాట దగ్గర ఆగొద్దు.

రెండు వందల రూపాయల మల్టీమీటరు చాలు. బండి ఆఫ్‌లో కాసేపు ఉన్నాక 12 వోల్టుల బ్యాటరీ మీద 12.5కి తగ్గకూడదు. రెడీలో (నడపడానికి స్టార్ట్ చేసి) పెట్టగానే 14 చుట్టుపక్కలకి ఎక్కాలి. రెడీలో కూడా 12 దగ్గరే ఉండి మెల్లగా దిగుతుంటే ఐసీసీయూ పని చేయట్లేదు. తర్వాత ఏసీ గన్ను పెట్టి కనీసం గంట వదలండి. మధ్యలో తెగిపోతే, కారణం ప్లగ్గా బండా తేలేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.

మామగారికి ఇంకో మాట. 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు అని డీలర్లు చెప్పేది హై వోల్టేజ్ బ్యాటరీ వారంటీ. అయానిక్ 5కి మిగతా బండి వారంటీ 3 ఏళ్లే, 2023లో అమ్మిన బండికి అది 2026లో ముగుస్తుంది. ఐసీసీయూ ఏ వారంటీ కిందకి వస్తుందో ఆ ఛాసిస్ నంబరుకి సర్వీస్ సెంటర్ నుంచి మెయిల్లో రాయించుకోండి. లెక్క మొదలయ్యేది బండి మొదట అమ్ముడైన తేదీ నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు.

మారతహళ్ళి_మామ:
హేమక్కా, చాలా థాంక్స్. ఈవీ6 కియా బండి కదా, కియా ఫ్యాక్టరీ ఉన్న పెనుకొండ మన దారిలోనే ఉంది, పార్టులు తొందరగా దొరుకుతాయని అనుకుంటున్నా. నిజమేనా?

సీమ_కరెంటు:
పెనుకొండలో ఈవీ6 తయారవదు మామా. అది కొరియా నుంచి పూర్తి బండిగానే దిగుమతి అయింది. గుద్దుకున్న బంపరు, హెడ్‌లైటు లాంటివాటికి నిరీక్షణ తప్పదు. అయానిక్ 5 చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరులో, ఎక్స్‌సీ40 రీచార్జ్ మన హోస్కోటేలో అసెంబుల్ చేశారు. అలాగని పార్టులన్నీ ఇక్కడే దొరుకుతాయని కాదు. బాడీ పార్టుకి ఎన్ని రోజులని సర్వీస్ సెంటర్‌లో ఒక పార్టు పేరు చెప్పి అడిగితే తెలిసిపోతుంది.

ఫారం_29:
హైదరాబాద్ ఈవీ6 మీద కన్నుంటే ముందు పన్ను లెక్క వేసుకోండి. కర్ణాటకలో ఎలక్ట్రిక్ కార్లకి లైఫ్ ట్యాక్స్ ఉండేది కాదు. 2024 మార్చి నుంచి 25 లక్షలు దాటిన వాటికి 10 శాతం పెట్టారు. ఈవీ6 విడుదల ధరే 59.95 లక్షలు. బయటి రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, అప్పుడు పన్ను అడుగుతారు. బండి వయసుని బట్టి తగ్గుతుంది కానీ లక్షల్లోనే ఉంటుందని పెట్టుకుని బేరం ఆడండి. తెలంగాణలో మినహాయింపుతో కొన్న బండి అయితే అక్కడ కట్టిందే లేదు, వాపసు అడగడానికీ ఏమీ ఉండదు. మీ ఆర్టీవోలో ఆ ఛాసిస్ నంబరుకి ఎంతో లెక్క కట్టించుకున్నాకే అడ్వాన్సు.

2024 మార్చికి ముందు ఇక్కడే రిజిస్టరైన బండికి ఈ తలనొప్పి లేదు. ఒకే ధరకి రెండూ దొరికితే కేఏ బండే చవక.

కాగితాలు: అప్పు ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఆర్సీ మీద అప్పు కొట్టేయించే ఫారం 35. బయటి రాష్ట్రం అయితే అక్కడి ఆర్టీవో ఎన్ఓసీకి ఫారం 28. పేరు మార్పుకి 29, 30. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించాలి. నో క్లెయిమ్ బోనస్ అమ్మినవాడిదే, మీకు రాదు. డీలరు "మీకు 50 శాతం బోనస్ ఉంది" అని ప్రీమియం తక్కువ చూపిస్తే నమ్మకండి.

జీఎస్టీ మాయ కూడా ఒకటుంది. వాడిన ఎలక్ట్రిక్ కార్ల మీద డీలరు కట్టేది 18 శాతం, అదీ అతని లాభం మీదే. 28కి కొని 30కి అమ్మితే రెండు లక్షల మీద 36 వేలు. మొత్తం 30 లక్షల మీద 18 శాతం అని బిల్లు రాస్తే లేచి వచ్చేయండి. నేరుగా ఓనరు దగ్గర కొంటే అసలు జీఎస్టీయే లేదు.

లిఫ్టు_మీద_చూడు:
పైన పాలిష్ చూసి బండి కొనేవాళ్లు కింద చూడరు. బ్యాటరీ అంతా నేలకి దగ్గరగా పరిచి ఉంటుంది, మన బెంగళూరు స్పీడ్ బ్రేకర్ల సంగతి చెప్పక్కర్లేదు. అయానిక్ 5 గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లే. నలుగురు కూర్చుని, డిక్కీ నిండా సామానుంటే ఇంకా తగ్గుతుంది.

లిఫ్టెక్కించి అండర్ ట్రే విప్పించండి. గీతలు ఫరవాలేదు. సొట్ట ఉందంటే ఆగాలి, ముఖ్యంగా కూలెంట్ గొట్టాలు, ప్యాకు అంచు సీలు దగ్గర. ప్యాకు కేసు నొక్కుకుపోతే వారంటీ క్లెయిమ్‌ని "బయటి దెబ్బ" అని తిప్పి పంపుతారు, అప్పుడు ఇన్సూరెన్సే దిక్కు. బోల్టుల మీద పానా గుర్తులుంటే ప్యాకు ఎప్పుడు దించారు, ఎందుకు అని జాబ్ కార్డు అడగండి.

కూలెంట్‌లో మామూలు కూలెంటో నీళ్లో కలిపారేమో చూడండి. ఈ బండ్లలో కరెంటు తక్కువగా పారే ప్రత్యేక కూలెంట్ పోస్తారు, లీకైనా ఇన్సులేషన్ దెబ్బతినకుండా. రోడ్డు పక్క గ్యారేజీలో నింపితే ఆ భద్రత పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి, మునిగిన బండ్లు. 2022 సెప్టెంబరులో సర్జాపూర్ రోడ్డు, యమలూరు, బెళ్ళందూరు విల్లాల్లో ఖరీదైన బండ్లు నీళ్లలో నిలబడ్డాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరదకి విజయవాడ. బండి ఆ తేదీల్లో ఎక్కడుందో సర్వీసు చరిత్రలో చూడండి, ఆ తర్వాత రెండు నెలల్లో పెద్ద ఇన్సూరెన్సు క్లెయిమ్ ఉందేమో పాలసీ నంబరుతో బీమా కంపెనీని అడిగించండి.

బండిలో: సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద గీత అక్కడ దాక్కుంటుంది. ముందు కార్పెట్ ఎత్తి కింద కనెక్టర్ల పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందా, సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా చూడండి. నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్ల కనెక్టర్లని మీ చేత్తో ముట్టొద్దు. సర్వీస్ సెంటర్‌లో ఇన్సులేషన్ రెసిస్టెన్స్ (హై వోల్టేజ్ కరెంటు బాడీకి లీకవకుండా ఆపే నిరోధం) రీడింగు అడగండి. కనీసం వోల్టుకి 100 ఓమ్‌లు అన్నది భద్రతా హద్దు. ఆరోగ్యంగా ఉన్న బండిలో దానికి ఎన్నో రెట్లు కనపడుతుంది. హద్దుకి దగ్గరగా ఉంటే లోపల తేమ ఉన్నట్టే, వానాకాలంలో బండి రెడీ అవ్వదు.

వోల్టు_వీరయ్య:
లిఫ్టు అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. టైర్ల మీద నాలుగంకెల కోడు చూడండి, 2322 అంటే 2022లో 23వ వారం. ఈ బండ్లు రెండు టన్నుల దగ్గర ఉంటాయి, కదలగానే వచ్చే టార్కు (చక్రం తిప్పే బలం) కూడా ఎక్కువ, టైర్లు తొందరగా అరుగుతాయి. అయానిక్ 5కి 255/45 ఆర్20, ఈవీ6కి 235/55 ఆర్19. నాలుగూ మార్చాలంటే పెద్ద ఖర్చు, కాబట్టి బేరంలో పెట్టండి. చవక టైరు వేసి ఉంటే లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) కంపెనీది కన్నా తక్కువ కాకూడదు.

మారతహళ్ళి_మామ:
ఇంకో డౌటు. ఇదే డబ్బుకి మెర్సిడెస్ ఈక్యూసీ, ఆడి ఈ ట్రాన్ కూడా కనపడుతున్నాయి. కొత్తప్పుడు కోటి రూపాయల బండ్లు కదా, ఊరిస్తున్నాయి.

హోసూరు_రోడ్_హేమ:
అగ్గువకి వస్తున్నాయంటే ఊరికే కాదు. ఈక్యూసీ తయారీ 2023లో ఆగిపోయింది, జాగ్వార్ ఐ పేస్ కూడా 2024లో ఆగింది. బ్యాటరీ వారంటీ 8 ఏళ్లలో 2020, 2021 బండికి చాలా భాగం అయిపోయింది. ఎయిర్ సస్పెన్షన్, ఇంత బరువు మోసే బ్రేకులు, టైర్లు అన్నిటికీ కోటి రూపాయల బండి ధరలే. కొనే ధర పడిపోయింది గానీ బాగు చేయించే ధర పడలేదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ మిగిలి ఉండి, అది మీ పేరు మీదకి మారుతుందని కంపెనీ రాసిస్తేనే చూడండి. నా ఓటు అయానిక్‌కే.

సీమ_కరెంటు:
నా ఓటు వోల్వోకి. 78 యూనిట్లు, నాలుగు చక్రాలకీ పవర్, ఐసీసీయూ గొడవ లేదు. అయానిక్ అంత వేగంగా ఛార్జ్ ఎక్కదు, గరిష్ఠం 150 కిలోవాట్లు, కానీ కర్నూలు దారిలో 350 కిలోవాట్ల ఛార్జర్లు ఎక్కడున్నాయి చెప్పండి? 60 గన్ను దగ్గర రెండూ ఒకటే.

హోసూరు_రోడ్_హేమ:
గంటకి 110లో వెళ్తే కరెంటు ఎక్కువ తాగేది మీ వోల్వోనే అన్నా. మామగారు రెండు బండ్లలోనూ ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద ఒక రౌండు వేసి, వందకి ఎన్ని యూనిట్లో స్క్రీన్ మీద చూసుకుంటే సరి.

అపార్టుమెంటు_అప్పారావు:
బండి ఏదైనా గాని, ఇంటి దగ్గర పాయింటు సంగతి ముందే తేల్చుకోండి. అసోసియేషన్ ఎన్ఓసీ, బెస్కామ్ (బెంగళూరు కరెంటు కంపెనీ) శాంక్షన్డ్ లోడు. సింగిల్ ఫేజ్ 7.4 కిలోవాట్లకి 32 ఆంపియర్లు, 40 ఆంపియర్ల ఎంసీబీ, కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. మీటరు గది నుంచి పార్కింగు 40 మీటర్లు దాటితే 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించండి. ఆర్సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే బ్రేకరు) 30 మిల్లీ ఆంపియర్లది, టైప్ ఏ తక్కువ కాకూడదు, ఛార్జర్‌లో డీసీ లీకేజీ కాపలా లేకపోతే టైప్ బీ. ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య వోల్టేజీ ఎక్కువగా ఉంటే కొన్ని బండ్లు ఛార్జ్ తీసుకోవు, జనం బండిని తిడతారు.

అమ్మేవాడి గోడకున్న 11 కిలోవాట్ల బాక్సు ధరలో కలిపి ఉందో లేదో రాయించుకోండి. అయానిక్ అయితే వీ2ఎల్ అడాప్టరు (బండి బ్యాటరీ నుంచి బయటి పరికరాలకి కరెంటు ఇచ్చేది), 3 పిన్ను కేబులు, రెండు తాళాలూ చేతికి రావాలి.

ఫారం_29:
డబ్బు బదిలీ చేసే రోజు, ఓనరు మీ ఎదుటే తన ఫోన్ నుంచి బ్లూలింక్‌లో (హ్యుందాయ్ యాప్‌లో) బండిని తొలగించాలి. మీ ఫోన్‌లో బండి ఎక్కి, డోర్ లాక్ పనిచేశాకే మిగతా డబ్బు. తర్వాత చేస్తానంటే కుదరదు. బండి మీ వాకిట్లో ఉన్నా, అది ఎక్కడుందో ఆయన ఫోన్‌లో కనపడుతూనే ఉంటుంది.

మారతహళ్ళి_మామ:
అయానిక్‌ని శనివారం సర్వీస్ సెంటర్‌లో లిఫ్టెక్కించడానికి డీలరు ఒప్పుకున్నాడు. 15 శాతం ఛార్జ్‌తో తీసుకురమ్మన్నా, ఎందుకని రెండుసార్లు అడిగాడు.

వోల్టు_వీరయ్య:
నిండుగా ఛార్జ్ చేసి తెస్తే వెనక్కి పంపండి.